అక్క కొలత

ఆమె పోయిన సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. పాత ట్రాక్టర్లు, రోటవేటర్లు, నాగళ్ళు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఒకటుంది. యార్డులో గుమస్తా పని మానేసి నాలుగేళ్ళయినా నేను దాంట్లోంచి బయటికి రాలేదు. పొద్దున్నే తెరిచి చూస్తే, తుప్పు పట్టిన రోటవేటర్ ఫోటోకీ, టైర్లు లేని ట్రాలీ ఫోటోకీ మధ్య ఆమె ఫోటో ఉంది. ఏదో పెళ్ళిలో తీసింది. కుడి భుజం మీదుగా కొంగు నిండుగా కప్పుకుని పక్కకు చూస్తోంది. దాని కింద ఎవరో అలవాటు కొద్దీ 'ఫైనల్ రేటు ఎంత?' అని పెట్టి, తప్పు తెలుసుకుని తీసేశారు. తీసేసిన గుర్తు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఫోటో కింద ఆమె పేరు రాశారు. యార్డు రోజుల్లో పదకొండేళ్ళు ఎరిగిన మనిషి పేరు అప్పుడే మొదటిసారి చదివాను. యార్డులో ఆమెను అందరూ అక్క అనేవాళ్ళు, ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళతో సహా. నేనూ అట్లాగే రాస్తాను.

మా యార్డు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలు దాటాక ఉండేది. రైతులు వద్దనుకున్న పనిముట్లు తెచ్చి అక్కడ దించేవాళ్ళు. ప్రతి శుక్రవారం వేలం పాట జరిగేది. కురిచేడు నుంచి, గిద్దలూరు నుంచి, యర్రగొండపాలెం నుంచి కొనేవాళ్ళు వచ్చేవాళ్ళు. అమ్ముడైన ప్రతిదాని మీదా షావుకారుకు కమిషన్. వచ్చిన సరుకు పుస్తకంలో ఎక్కించడం, పగిలిన పలక ముక్కల మీద సుద్దతో నంబర్లు వేసి ఒక్కోదానికి ఒక్కోటి తగిలించడం నా పని.

అట్లా నంబర్లు తగిలిస్తున్న ఒక శుక్రవారం ఉదయం, నలభై ఏళ్ళ ఆడమనిషి ఒకామె గేటు దాటి నేరుగా షెడ్డులోకి వచ్చింది. పాటకు ఆడవాళ్ళు రావడం అరుదు. ఎవరి కోసమో వచ్చిందనుకున్నాను. ఆమె ఎవరినీ అడగలేదు. వరసగా ఉన్న నూర్పిడి మిషన్ల ముందు ఒక్కొక్క క్షణం ఆగుతూ వచ్చి, ఎర్రరంగు వేసిన ఒకదాని దగ్గర నిలబడిపోయింది. పక్క రేకు మీద వెల్డింగ్ అతుకును వేళ్ళతో తడిమింది. తర్వాత వంగి, పైరు పోసే నోట్లోకి ఎడమ చేయి భుజం దాకా దూర్చింది.

నేను కేక పెట్టాను. ఆమె తల తిప్పి చూసింది.

"ఎందుకయ్యా అరుస్తావు? ట్రాక్టరే లేదు గదా దీనికి. ఇదేమన్నా తిరుగుతుందా?"

ఆ తిరిగి చూడటంలో కొంగు జారింది. కుడి చేయి మోచేతి దగ్గరే ఆగిపోయి ఉంది.

"రంగు మార్చినారు గాని ఈ అతుకు నాకు తెలుసు. ఇదే," అంది.

ఆ రోజు పాటలో ఆ మిషన్ నంబరు పిలవగానే ఆమె జనంలోంచి ముందుకు వచ్చింది. కురిచేడు వ్యాపారి ఒకడు అప్పటికే ఇరవై ఆరు వేలకు పాడి ఉన్నాడు. ఆమె అతన్నే చూసి మాట్లాడింది.

"కొనుక్కో అన్నా, నేను వద్దనడం లేదు. దీని నోరు పొట్టిది. ఇదిగో చూడు." మళ్ళీ చేయి లోపల పెట్టింది. "ఈడికి నా మోచెయ్యి. లోపల డ్రమ్ము నా వేళ్ళకు తగుల్తాంది. రెండు మూరల తొట్టి ఉండాల. పైన మూరెడు మూత ఉండాల. అప్పుడు ఎవురి చెయ్యీ ఆడిదాకా పోదు."

అంగట్లో గుడ్డ కొలిచి చూపించినట్లు చూపించింది. కోపం లేదు, ఏడుపు లేదు. కాని ఉన్న చేయి లోపలా, లేని చేయి బయటా పెట్టుకుని ఒక మనిషి అట్లా చెబుతుంటే ఎవరు పాడతారు? పాట అక్కడే ఆగిపోయింది. షావుకారు ఆ నంబరు పక్కన పెట్టి తర్వాతది పిలిచాడు. సాయంత్రం నన్ను పిలిచి, "ఆమెను గేటు లోపలికి రానీయొద్దు," అన్నాడు. నేను వాచ్‌మన్‌కు చెప్పాను. అంత తేలికగా అయిపోయింది.

ఆమె గొడవ చేయలేదు. పై శుక్రవారం నుంచి గేటుకు ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చునేది. ఊరు యర్రగొండపాలెం అవతల, అడవి అంచున చిన్న పల్లె. మొదటి బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. నూర్పిడి మిషన్ కొనుక్కుని ఎవరు బయటికి వచ్చినా లేచి ఎదురుపోయి, బండి ఆపించి, చేయి పెట్టి కొలత చూపించేది. కొందరు వినేవాళ్ళు. కొందరు "సరే లేమ్మా" అని పోయేవాళ్ళు. ఆమెకు రెండూ ఒకటే. వచ్చి మళ్ళీ బల్ల మీద కూర్చునేది.

సద్ది గుడ్డలో కట్టుకుని వచ్చేది. ముడి పళ్ళతో విప్పుకునేది. టీ అంగడాయన ఒకసారి జాలిపడి చేయి చాపితే, "ముడేసింది నేను గదన్నా, విప్పేది గూడా నేనే," అంది. టీకి తన డబ్బులు తనే ఇచ్చేది. తెలియనివాళ్ళు ఒక్కోసారి ఆమె ఒళ్ళో రూపాయో రెండు రూపాయలో వేసి పోయేవాళ్ళు. ఆమె లేచి వాళ్ళ వెంటపడి, "అయ్యా, మీ రూపాయి పడిపోయింది, తీసుకోండి," అని చేతిలో పెట్టి వచ్చేది. ఎగతాళి చేస్తోందో నిజంగానే అంటోందో వాళ్ళకు తెలిసేది కాదు. నాకూ ఇప్పటికీ తెలియదు.

ఆమె గేటు బయట కూర్చున్న మొదటి శుక్రవారమే షావుకారు ఆ ఎర్ర మిషన్‌ను మళ్ళీ పాటకు పెట్టాడు. గిద్దలూరు వైపు రైతు ఒకాయన కొన్నాడు. ట్రాక్టర్ తగిలించుకుని ముందు గేటు వైపు తిప్పబోతుంటే షావుకారు నా వైపు చూశాడు. వెనక గేటు తాళం నా దగ్గర ఉండేది. తీశాను. రైతు అటునుంచి వెళ్ళిపోయాడు. ముందు గేటు దగ్గరికి వచ్చి చూస్తే ఆమె బల్ల మీద నిటారుగా కూర్చుని మా వైపే చూస్తోంది.

మరుసటి వారం నన్ను అడిగింది.

"ఆ ఎర్రది ఇంకా లోపలే ఉందా తమ్ముడా?"

"పోయిన వారమే అమ్ముడుపోయిందక్కా."

"పోయిన వారమా? నేను ఈడనే ఉంటిని గదా." తను కూర్చునే బల్ల వైపు చూసింది. "కండ్లు మూతపడినాయేమో. ముందు రోజు రాత్రి నిద్ర లేకపాయె. ఎవురు కొన్నారు?"

"పుస్తకం షావుకారు దగ్గర ఉందక్కా," అన్నాను. పుస్తకం నా చంకలోనే ఉంది. ఆమెకు చదువు రాదు కాబట్టి అది ఏ పుస్తకమో తెలియదు.

చేయి ఎట్లా పోయిందో ఆమె ఒక్కసారే చెప్పింది. వాన పడుతుంటే టీ అంగడి పరదా కింద ఇద్దరం నిలబడి ఉన్నాం. నేనే అడిగాను.

"కందులు నూరుస్తా ఉంటిమి. కుప్ప అయిపోవచ్చింది. మబ్బు పట్టింది. తొందరగా కానీయండి అన్నారు, నేనూ తొందరపడితిని. కట్టె ఒకటి అడ్డం పడితే చేత్తో తోసినా." అక్కడ ఆగి, వాన చూస్తూ, "మిషను గలాయన మంచోడే," అంది. "మిషన్ ఊడదీసి, అదే ట్రాక్టర్ మీద నన్ను మార్కాపురం ఆస్పత్రికి తెచ్చినాడు. దారంతా ఏడుస్తానే నడిపినాడు. నేనే ఊరుకోబెట్టినా ఆయన్ను."

"మరి మిగిలిన కుప్ప?" అని అడిగాను. గుమస్తా బుద్ధి.

"పక్కరోజు నూర్చినారు. వానకు వదిలేస్తారా, ఏంది? మిషన్ కడిగి నూర్చినారంట."

మరుసటి ఏడు పంట పని అయిపోయాక ఆ మిషన్ తిరిగి యార్డుకు వచ్చింది. ఈసారి ఆకుపచ్చ రంగు. తెచ్చిన రైతు దింపుతూనే చెప్పాడు.

"మా ఊరి పిల్ల, పద్దెనిమిదేళ్ళు. రెండు వేళ్ళు పోయినాయి. మళ్ళ దాన్ని వాకిట్లో పెట్టుకోబుద్ధి కాలే సోమీ."

"ఆ సంగతి ఈడ ఇంకెవురితోనూ అనబాకు," అన్నాడు షావుకారు. నేను పుస్తకంలో 'బాగా నడుస్తున్నది' అని రాసుకున్నాను. అది కూడా నిజమే.

ఆ శుక్రవారం నేను టీ అంగడి దగ్గరికి వెళ్ళి, "అక్కా, వచ్చింది," అన్నాను. ఏది వచ్చిందని ఆమె అడగలేదు.

"ఎవురికన్నా ఏమన్నా అయ్యిందా?"

చెప్పాను. ఆమె చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"ఊరు?"

ఊరు పేరు కూడా చెప్పాను. ఆమె లేచి, పాట కోసం ఆగకుండా, బస్టాండు వైపు నడిచింది. గిద్దలూరు బస్సు ఎక్కిందని తర్వాత టీ అంగడాయన చెప్పాడు.

పంట కాలం దాటిపోయింది కాబట్టి ఆ వారం, పై వారం ఆ మిషన్‌కు సరైన పాట పడలేదు. మూడో వారం అక్క వచ్చింది. ఒంటరిగా కాదు, వెంట ఐదుగురు ఆడవాళ్ళు. అందరూ ఆమె కూలి గుంపువాళ్ళు, ఒకే పల్లె, ఒకే చర్చి. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు.

"పాటకు వచ్చినాం," అంది అక్క. "డిపాజిట్ కడతాం. కట్టినోళ్ళను రానీయకూడదని రాసినారా యాడన్నా?"

షావుకారు బయటికి వచ్చి ఆరుగురినీ చూశాడు. ఒక్కొక్కరి కొంగు ముడిలోంచి వచ్చిన నోట్లను చూశాడు. ఆయన వ్యాపారం చేసుకునే మనిషి. బల్ల మీదికి వచ్చిన డబ్బును వెనక్కి పంపడం ఆయనకు చేతకాదు. "రాసుకో," అన్నాడు నాతో.

నంబరు పిలిచారు. ఇరవై నాలుగు వేలకు మొదలైంది. అక్క ఎడమ చేయి ఎత్తింది. కురిచేడు వ్యాపారి ఇరవై ఐదన్నాడు. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, చేయి ఎత్తి, మేము రాసుకోగానే దించాలి. ఆమె దించలేదు.

"దించమ్మా, రాసుకున్నాం," అన్నాడు షావుకారు.

"దించను. రాసుకుంటా ఉండండి."

ఇరవై ఎనిమిది. ముప్పై. వ్యాపారి నవ్వాడు.

"ఏందక్కా, మీకు ట్రాక్టర్ ఉందా?"

"లేదు."

"మరి మిషన్ ఏం చేసుకుంటారు?"

"నువ్వే కొనుక్కో అన్నా," అంది. చేయి పైనే ఉంది. "రెండు మూరల తొట్టి పెట్టించి, దాని మీద మూత వేయించినాకనే అమ్ముతానని ఈ నలుగురి ముందర చెప్పు. చెప్తే ఇప్పుడే చెయ్యి దించుతా. నీకే పోతాది."

అతను చుట్టూ చూశాడు. ఎవరైనా నవ్వుతారేమోనని అనుకున్నట్టున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"నేను కొన్న సరుకు నా ఇష్టం."

"అట్లయితే పాడు."

పాడాడు. అప్పటికి అది వ్యాపారం కాదు, పంతం. ముప్పై రెండు, ముప్పై నాలుగు. వెనకున్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళ దగ్గర ఎంత ఉందో నాకు తెలియదు గాని, పాట దాని అంచు దగ్గరికి వచ్చిందని మాత్రం తెలిసింది. ముప్పై ఆరు దగ్గర వ్యాపారి తల అడ్డంగా ఊపి, "తీసుకోనీ. దాని రేటు దాటిపోయె," అన్నాడు.

షావుకారు మూడుసార్లు పిలిచాడు. మూడోసారి అయిపోయాక కూడా ఆమె చేయి పైనే ఉంది. పక్కనున్న ఆడమనిషి పట్టుకుని దించింది.

ఆరుగురూ దాన్ని ఒక బాడుగ ట్రాక్టర్‌కు తగిలించి యర్రగొండపాలెం రోడ్డులో ఒక వెల్డింగ్ షాపుకు తీసుకుపోయారు. వెల్డర్ టేపు తీస్తే అక్క వద్దందట. బల్ల మీద మోచేయి ఆనించి, "ఇది మూర. ఇట్లాంటివి రెండు," అని తన చేతితోనే కొలత ఇచ్చిందట.

ఆ ఏడు ట్రాక్టర్ ఉన్న ఒకాయనతో పొత్తు పెట్టుకుని కళ్ళాలకు తిప్పారు. మొదట్లో రైతులకు నచ్చలేదు. తొట్టి పొడుగు, పైన మూత. ఒక్కసారిగా తోసి కుక్కడానికి లేదు, కొంచెం కొంచెం పోయాలి. రెండు గంటల్లో అయ్యేది మూడు గంటలు పట్టేది. "ఇది నూర్చడమా, పసిబిడ్డకు అన్నం పెట్టడమా?" అని ఒక రైతు మా యార్డుకు వచ్చి నవ్విపోయాడు. ఆ ఏడు వాళ్ళకు పెద్దగా మిగల్లేదు.

మార్పు రైతుల వైపు నుంచి రాలేదు. కూలికి పోయే ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చింది. పక్క పల్లెలవాళ్ళు ఒక్కొక్కరే, అక్క మిషన్‌కు ఉన్నట్లు నోరు ఉంటేనే పోస్తామని చెప్పడం మొదలుపెట్టారు. కళ్ళంలో కుప్ప వేసుకుని, బాడుగ ట్రాక్టర్‌ను నిలబెట్టుకుని, పోసే మనిషి లేకపోతే రైతు ఏం చేస్తాడు? మిషన్ల వాళ్ళు గొణుక్కుంటూ తొట్లు పొడిగించుకున్నారు. మూడు నాలుగేళ్ళలో ఆ రోడ్డులో వెల్డర్లు కొలత అడగడం మానేశారు. 'అక్క కొలతేనా?' అని అడిగేవాళ్ళు.

మా షావుకారు లెక్క తెలిసిన మనిషి. పొట్టి నోటి మిషన్లకు రేటు పడిపోవడం చూసి, యార్డులోనే తొట్లు పెట్టించి అమ్మడం మొదలుపెట్టాడు. అక్కను లోపలికి పిలిపించి కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు. ఒక్కో మిషన్‌లో చేయి పెట్టి చూసి, "ఇది సరిపోయింది," "ఇది నాలుగు వేళ్ళంత తక్కువుంది, మళ్ళ చేయించు," అని చెప్పి, బస్సు చార్జీ మాత్రం తీసుకుని పోయేది. నేను పుస్తకంలో ఆ మిషన్ల పక్కన 'అక్క చూసింది' అని రాసేవాణ్ణి. అది రాసిన దానికి రేటు ఎక్కువ పలికేది.

నేను యార్డు మానేసిన రోజు శుక్రవారమే. ఆమె షెడ్డులో ఉంది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆ ఎర్ర మిషన్ అమ్ముడైన రోజు వెనక గేటు తాళం తీసింది నేనేనని, అది ఆమె ముందు నుంచి పోనే లేదని. పుస్తకం సంగతి కూడా చెప్పాను.

ఆమె ఒక నాగలి మీద చేయి ఆనించి నిలబడి, చాలాసేపు నేల చూసింది.

"అయితే ఆ పొద్దు నేను నిద్రపోలేదన్నమాట," అంది.

"లేదక్కా. నిన్ను చూశాను. మేలుకునే ఉన్నావు."

నేను చెప్పి ఉండకూడదేమో అనుకున్నాను.

"నాకెందుకు చెప్తావు తమ్ముడా?" అంది చివరికి. గొంతు మామూలుగానే ఉంది. "నాది అంతకు ముందే పోయింది. ఆ పిల్లకు చెప్పు. ఊరు నువ్వే గదా చెప్తివి నాకు."

"పోతానక్కా," అన్నాను.

ఫోటో చూసిన రోజు మొదట ఆమె ఊరికి పోదామని బయల్దేరాను. మార్కాపురం బస్టాండులో యర్రగొండపాలెం బస్సు నిలబడి ఉంది. ఒక కాలు మెట్టు మీద పెట్టి మళ్ళీ దిగాను. వెళ్ళి గిద్దలూరు బస్సు ఎక్కాను.

వేళ్ళు పోయిన ఆ పిల్ల ఊళ్ళో అడిగితే ఇల్లు చూపించారు. ఇప్పుడామెకు ముప్పై దాటి ఉంటాయి. వాకిట్లో పట్టా పరుచుకుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కుడి చేతికి చివరి రెండు వేళ్ళు లేవు. మిగిలిన వాటితో వేగంగానే తీస్తోంది. నేను యార్డు పేరు చెప్పగానే, "అక్క సంగతి తెలిసింది. మా ఆయన మట్టి చేసే కాడికి పోయినాడు," అంది.

నేను పట్టా అంచున కూర్చుని చెప్పాల్సింది చెప్పాను. ఆమె పని ఆపకుండానే వింది.

"అక్క వేరే తీరు చెప్పిందే," అంది.

"ఏమని?"

"గేటు కాడ కూచోని కునుకు తీసినానని. మిషన్ ముందర నుంచే పోయినా చూసుకోలేదని. ఆ ఏడు మా ఇంటికి వచ్చి నా కాళ్ళ కాడ కూచోని ఏడ్చింది. మా అమ్మ పోయి లేపింది. అప్పుటినుంచి ఏడాదికోసారన్నా వచ్చి చూసిపోతానే ఉండె. వచ్చినప్పుడల్లా ఆ మాటే." తీసిన కాయలు పక్కకు నెట్టింది. "ఈ మధ్య ఆ మాట మానేసింది. ఎందుకో అనుకున్నా."

నేను పట్టా మీది తొడిమలు ఒక పక్కకు ఊడ్చాను.

"నువ్వు ఆమెకు చెప్పినావా అన్నా ఈ సంగతి?"

"చెప్పాను. యార్డు మానేసిన రోజు."

"ఏమనింది?"

"నీకు చెప్పమంది."

"ఎప్పుడు?"

"నాలుగేళ్ళయింది."

ఆమె చేయి అప్పుడు ఆగింది. తల ఎత్తి నన్ను చూసింది.

"నాలుగేళ్ళా," అంది.

గంపలోంచి ఇంకో పిడికెడు కాయలు తీసుకుంది.